నిండుగా తిరిగొచ్చిన పవర్ బ్యాంకులు

అద్దె సామాన్ల దుకాణంలో, పేర్చిన కుర్చీల మధ్య అక్కా తమ్ముడూ కూర్చున్నారు. బల్ల మీద అక్క ఇంటి తనఖా కాగితాలున్నాయి. తమ్ముడు అప్పటికే పెన్ను మూత తీసి పెట్టాడు.

“...అంటే ఫోన్ చచ్చిపోయినవాడు నీ పెట్టె దగ్గరికొచ్చి, ఆ చచ్చిన ఫోన్‌తోనే స్కాన్ చేసి, పవర్ బ్యాంక్ అద్దెకి తీసుకోవాలి. అంతేగా?”

“చచ్చాక కాదక్కా, చచ్చేముందు! పది శాతానికొస్తే చాలు, జనానికి కాళ్లూ చేతులూ ఆడవు. సంతకం ఇక్కడ.”

“ఉండరా, తొందరేంటి? పట్టుకుపోయి మళ్లీ ఇవ్వకపోతే?”

“డిపాజిట్ పట్టుకుంటాం. ఇదిగో, ఇక్కడా, వెనకాలా.”

“ఆసుపత్రి హాల్లో ఒక్క పెట్టె పెట్టి నెల కాలేదు. అప్పుడే బస్టాండనీ, సినిమా హాళ్లనీ, యాభై పెట్టెలా?”

“ఆ ఒక్కటే రోజూ ఖాళీ అవుతోందక్కా! అద్దె వ్యాపారం గురించి నీకు నేను చెప్పాలా?”

“అందుకే అడుగుతున్నా. ఎవరు తీస్తున్నారు?”

“ఎవరో. రోగుల తాలూకు వాళ్లు. పొద్దస్తమానం పడిగాపులు పడేవాళ్లు.”

“నీ ఫోన్ ఇటివ్వు.”

“ఎందుకూ?”

“ఇవ్వరా... ఇదేంటి? తీసినప్పుడు చార్జింగ్ వంద. తెచ్చి పెట్టినప్పుడూ వంద. ఇదీ అంతే. ఇదీ అంతే!”

“యాప్ అక్కా, ఏదో ఒకటి చూపిస్తుంటుంది.”

“నా దుకాణం నుంచి అద్దెకెళ్లిన గుండిగ ఒక్కటైనా మసి అంటకుండా తిరిగొచ్చిందా? వస్తే ఏంటర్థం?”

“...వంట చెయ్యలేదని.”

“మరి డబ్బిచ్చి తీసుకెళ్లి, వాడకుండా తెచ్చి పెట్టే పిచ్చివాళ్లెవరురా?”

“నాకేం తెలుసు! ఇల్లు తనఖా పెట్టాలంటే భయంగా ఉందని చెప్పు, పోనీ. ఊరికే గుచ్చి గుచ్చి...”

“భయమే. పిల్లల్ని పెట్టుకుని నేను తల దాచుకునేది ఆ ఇంట్లోనే కదరా. భయం ఉండదా?”

“వదినా... ఆ పిచ్చిదాన్ని నేనే.”

“నువ్వెప్పుడొచ్చి నిలబడ్డావే గుమ్మంలో? ముందు ఇంటికి పద.”

“మీరుండండి. వదినా, ఆసుపత్రిలో నా మందుల కౌంటర్‌కి ఎదురుగానే కదా ఆ పెట్టె. మొదటి వారం ఒక్కటీ కదల్లేదు. ఈయన కంచం ముందు కూర్చుని అలాగే లేచిపోయేవారు. చూడలేకపోయాను. నర్సుల ఫోన్లు అడుక్కుని, నేనే తీసి, నేనే పెట్టాను. అప్పట్నుంచీ ఈల వేసుకుంటూ ఇంటికొచ్చేవారు.”

“ఎంత పని చేశావే అమ్మాయ్!”

“చూశావా అక్కా? నన్ను కూడా మోసం చేసింది! కట్టుకున్న పెళ్లామే ఇలా చేస్తే నేనేం చెయ్యను, చెప్పు?”

“నాదే తప్పు. కానీ మీరు ఇల్లు తనఖా పెడుతున్నారని సోమవారం ఈయన చెప్పగానే నా ఒళ్లు చల్లబడిపోయింది వదినా. ఆ రోజే మానేశాను.”

“మానేశావా? నిన్న కూడా పెట్టె ఖాళీ అయిందే? అన్నీ నిండుగానే వచ్చాయి, ఇదిగో.”

“అదే నాకూ అంతు పట్టట్లేదు.”

“ఏరా?”

“పెన్ను ఇదిగో అక్కా, ముందు ఆ సంతకం...”

“ఇటు చూడరా. సోమవారం నుంచీ ఎవరు తీశారు?”

“సంతకం అయ్యాక చెబుదామనుకున్నానక్కా.”