పురుగు లేవని రోజు

హలో… ఆ, నేనే దుర్గా. సత్యాన్నే. ఇంకెవరనుకున్నావు?

…బతికే ఉన్నానులే.

ఎక్కడేంటి, కొండల్లో. ఏటి గట్టు మీద, కారు దగ్గర. కింద సిగ్నల్ లేదు, ఇక్కడైతే ఒక్క గీత వస్తోంది. మధ్యలో కట్ అయితే కంగారు పడిపోకు.

ముందు సాక్స్ మార్చుకోనీ… ఆ రబ్బరు ప్యాంటు లేదూ, చంకల దాకా తొడుక్కునేది… ఆ, అదే. దాంట్లోకి నీళ్ళు పోయాయి. ఎడమకాలు ఉందో ఊడిందో తెలీట్లేదు. పైగా అది ఇంతకుముందు ఎంతమంది తొడుక్కున్నారో ఏమో, లోపల ఒకటే కంపు. ఛీ.

…ఎవరిస్తారు, నీ కొడుకు ధృవే. వాళ్ళ షాపులో కస్టమర్లకిచ్చేదట.

లేడు, కింద ఉన్నాడు. సామాన్లు సర్దుకుని వస్తానన్నాడు. అందుకే నెమ్మదిగా మాట్లాడుతున్నా.

…చెప్తాను, చెప్తాను. కాస్త తిట్టుకోనీ ముందు.

అసలు ఇదేం ఆట దుర్గా? ఫిబ్రవరి నెలలో, గట్టు మీద మంచు ఇంకా కరక్కుండా, మనుషులన్నవాళ్ళు ఏట్లో దిగుతారా? సరే దిగాం. దిగి ఏం చేశామో తెలుసా? పురుగుల కోసం చూశాం. నిజం! గంటసేపు నడుంలోతు నీళ్ళలో నించుని, పురుగు లేస్తుందేమోనని చూశాం.

…ఏ పురుగేంటి, ఏదో దిక్కుమాలిన పురుగు. అడుగున పుట్టి, రెక్కలొచ్చి పైకి లేస్తుందట. అది లేస్తే దాన్ని తినడానికి ట్రౌట్ చేప పైకొస్తుందట. అప్పుడు మనం ఈకలూ దారమూ చుట్టిన దొంగ పురుగుని నీళ్ళ మీద తేలేలా వేస్తే, అది నిజమనుకుని మింగుతుందట. అదీ వీళ్ళ పద్ధతి.

లేవలేదుగా! ఒక్కటంటే ఒక్కటి లేవలేదు. ఈ చలికి పురుగెక్కడ లేస్తుంది, పొద్దున నేనే లేవలేక చచ్చాను.

"ఇంటికి పోదాం పదరా" అన్నాను. "నో నాన్నా, ఇప్పుడే అసలు వర్క్" అన్నాడు. చేపలు పైకి రావు కాబట్టి మన దొంగ పురుగునే అడుక్కి పంపాలట.

ఆ తర్వాత వాడు చేసిన పని వింటే నువ్వు అన్నం మానేస్తావు. మోచేతుల దాకా చేతులు నీళ్ళలో పెట్టి ఓ రాయి తీశాడు. తిరగేశాడు. దాని కింద… అబ్బ, చెప్తుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది… జెర్రిపిల్లల్లాంటివి, గుజగుజలాడుతూ! ఒకదాన్ని తీసి నా అరచేతిలో పెట్టాడు. "చూడు నాన్నా, బ్యూటిఫుల్ కదా" అంటాడు.

…ఏమంటాను, "ఊ" అన్నాను. అనకేం చెయ్యను? మూడేళ్ళ తర్వాత తనంతట తను పిలిచాడు.

…నువ్వు గుర్తు చెయ్యక్కర్లేదు. నాకు గుర్తే. మా ఆఫీసు శశికాంత్ గృహప్రవేశంలో, నలభైమంది ముందు, వీడు చదువంతా ఏట్లో కలిపాడు అన్నాను. బంగారంలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, జనానికి చేపలు పట్టడం నేర్పుతానంటే ఏ తండ్రైనా అంటాడు.

…సరే, ఇంట్లో అనాల్సింది.

…సరే, ఇంట్లో కూడా అనకూడదు. ఒప్పుకున్నా. ఆ రోజు నుంచి "యెస్ నాన్నా, నో నాన్నా" తప్ప వాడి నోట నాకింకో మాట లేదు. అలాంటిది మొన్న ఫోన్ చేసి, "నేను చేసే పని ఒకసారి వచ్చి చూడు నాన్నా" అన్నాడు. రాకుండా ఎలా ఉంటాను చెప్పు?

చూశాను. ఏం చూశాను? దారానికి ఓ బెండు, బెండు కింద నల్లపూస కట్టిన చిన్న దొంగ పురుగు, అది నీళ్ళ అడుగున కొట్టుకుపోవాలి. మూడు గంటలు, దుర్గా! వెయ్యడం, కొట్టుకుపోవడం, తియ్యడం, మళ్ళీ వెయ్యడం. బెండు ఆగితే చేప ముట్టినట్టేనట. రాయి తగిలినా ఆగుతుంది, కుళ్ళిపోయిన ఆకు తగిలినా ఆగుతుంది. నాకు పడ్డవన్నీ కుళ్ళిన ఆకులే.

"లాగుతున్నావు నాన్నా. లాగకు. నిజం పురుగు దానంతటదే పోతుంది, అలా వదిలెయ్యి." ఇదే మాట ఓ యాభైసార్లు. పైగా చేప ఎక్కడుంటుందో తెలియాలంటే నీళ్ళు చదవాలట. ముప్పై ఏళ్ళు డేటాబేసులు చూసినవాణ్ణి, నీళ్ళు చదవడమేంటి నా మొహం!

…లేదు, విసుక్కోలేదు. వాడు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అదే కదా నా బాధ. విసుక్కున్నా బాగుండేది. జాలిగా చూశాడు దుర్గా. చిన్నప్పుడు వాడికి లెక్కలు రాకపోతే నేను అరిచేవాణ్ణి కదా… వాడు అరవలేదు.

…ఊ.

దుర్గా… ఒకటి చెప్తాను. అరవకు.

వాడు పై మడుగు చూసొస్తానని వంపు తిరిగి వెళ్ళాడు. నాకు ఆకలేసింది. నువ్వు కట్టిన డబ్బా తీశాను. చపాతీ చుట్టలో ఓ ముక్క తుంచి… నోట్లో పెట్టుకోబోయి… నలిపి, ఆవకాయ నూనెలో అద్ది… ఆ నల్లపూస గాలానికే పెట్టాను.

…అవును, చపాతీయే.

…అరవద్దన్నానుగా! చిన్నప్పుడు మా కాలవలో పిండిముద్ద పెట్టే పట్టేవాళ్ళం. చెయ్యి దానంతటదే ఆ పని చేసేసింది.

కాదులే. చెయ్యి కాదు, నేనే చేశాను. ఏటి మొదట్లో ఇంత పెద్ద బోర్డు ఉంది. తినే ఎర ఏదీ పెట్టకూడదు, ఈకల పురుగు ఒక్కటే అని. కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివాను.

…పడింది.

పడిందంటే, నిమిషం పట్టలేదు! కర్ర ఇలా విల్లులా వంగిపోయింది. నేను పెట్టిన కేకకి ధృవ్ నీళ్ళలో పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చాడు. "లాగకు నాన్నా, పోనీ, పోనీ" అంటూ వల పెట్టి ఎత్తాడు. కేజీకి తక్కువుండదు. వంటినిండా ఎర్ర చుక్కలు. ఇక్కడ రెండేళ్ళలో ఇంత పెద్దది చూడలేదన్నాడు. నీకు ఫోన్ చేసి చింతపండు నానబెట్టమందామనుకున్నా.

…ఎక్కడిది పులుసు! వదిలేశాడు! చంటిపిల్లకి స్నానం చేయించినట్టు రెండు చేతులా నీళ్ళలో పట్టుకుని, అది తేరుకున్నాక వదిలేశాడు. పట్టింది వదిలెయ్యడానికా ఇంత పాట్లు? ఛీ ఛీ.

…ఆ. ఏమన్నాడంటే… ముందైతే నన్ను పట్టుకున్నాడు. గట్టిగా. ఇద్దరం ఆ కంపు ప్యాంట్లలో. "నాన్నా, యూ డిడ్ ఇట్" అన్నాడు.

…

లేదు, జలుబు. నీళ్ళలో నించున్నాను కదా.

అంతటితో అయిపోతే బాగుండేది. "ఏ పురుగుకి పడింది?" అని అడిగాడు. నల్లపూసది అన్నాను. వాడి దగ్గర ఓ పుస్తకం ఉంది దుర్గా, తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు. రోజూ రాసుకుంటాడట, నీళ్ళెంత చల్లగా ఉన్నాయి, ఏ పురుగు వేశాడు, ఏం పడింది అని. దాంట్లో ఇవాళ్టి తారీఖు వేసి, పురుగు లేవలేదు అని రాసి, నల్లపూస అని రాసి, పట్టినవాళ్ళ పేరు దగ్గర… "నాన్న" అని రాశాడు. తెలుగులో. ఈ దేశంలో పెరిగినవాడు కదా, వంకరటింకరగా.

నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ జెర్రిపిల్లలే నయం.

పైగా వచ్చే వారం కస్టమర్లకి ఇదే చెప్తాడట. పురుగు లేవని రోజు నల్లపూస వెయ్యండి, మా నాన్న వేశాడు, అని. నా దొంగతనాన్ని పాఠంగా చెప్తాడు వాడు!

…తెలుసు. చెప్పాలి. ఎలా చెప్పను? ఇవాళ్టికి ఒకసారి దగ్గరికొచ్చాడు. చెప్తే మళ్ళీ ఎన్నేళ్ళు "యెస్ నాన్నా, నో నాన్నా"?

…నీకేం, ఇంట్లో కూర్చుని ఎన్నైనా చెప్తావు.

ఆగు. గట్టెక్కుతున్నాడు. చెవి దగ్గర అరవకు, వినిపిస్తుంది.

…ఏం లేదు, నా గాలం విప్పుతున్నాడు. పురుగుని డబ్బాలో దాచుకుంటాడు కాబోలు. ఇవాళ మహా గొప్ప పురుగు కదా అది.

…ఏంటి, దాన్ని అలా చూస్తున్నాడు?

దుర్గా. వాసన చూశాడు.

…

మళ్ళీ చూశాడు.

ఆవకాయ నూనె ఎక్కడికి పోతుంది… నువ్వేమో వెల్లుల్లి దంచి మరీ వేస్తావు.

…ఆగు ఆగు. పుస్తకం తీశాడు. కారు బానెట్ మీద పెట్టాడు. పెన్సిల్ పట్టుకుని నాకేసి చూస్తున్నాడు.

ఏంట్రా?

…ఏ పురుగుకి పడింది నాన్నా అని అడుగుతున్నాడు. ఇందాక చెప్పిందే మళ్ళీ అడుగుతున్నాడు, దుర్గా.

…ఊ. తెలుసు. వాడికీ తెలిసిపోయింది.

పెట్టెయ్యకు. లైన్లోనే ఉండు.

ధృవ్… అది పురుగు కాదురా. చపాతీ. మీ అమ్మ చేసిన చపాతీ, ఆవకాయలో అద్ది పెట్టాను. బోర్డు చదివే పెట్టాను. నీ ముందు చేతకానివాడిలా నించోలేక పెట్టాను. తప్పయిపోయింది. ఆ రోజు శశికాంత్ ఇంట్లో అన్నది కూడా… అదీ తప్పే.

…

ఉన్నాను. పుస్తకంలో రాసింది కొట్టేస్తున్నాడు. నల్లపూస కొట్టేశాడు. చేప అని రాసింది కొట్టేశాడు. దాని పొడుగు కూడా.

…పేరు? లేదు, పేరు అలాగే ఉంది. దాని పక్కన సున్నా వేశాడు.

నవ్వకు! వాడికి వినిపిస్తుంది!

ఏంట్రా?… మళ్ళీనా? ఇప్పుడా?

…దుర్గా, ఆ రబ్బరు ప్యాంటు తొడుక్కోమంటున్నాడు. వెలుతురు ఇంకా రెండు గంటలుంటుందట. పద్ధతి ప్రకారం ఒక్కటి పట్టేదాకా ఇంటికి లేదట.

…ఏమో, కోపమో కాదో. మొహం కోపంగానే ఉంది. నా చెయ్యి మాత్రం వదలట్లేదు.

చపాతీ డబ్బా తీసుకుపోయాడు. అయ్యో, కార్లో పెట్టి తాళం వేసేశాడు! ఒరే, ఇంకా తిననేలేదురా!

…ఆ, వస్తున్నా! పొడి సాక్స్ ఇప్పుడే వేసుకున్నానురా, చూడు… ఛీ, లోపలంతా మంచుగడ్డ. ఇదేం బతుకు, ఇదేం ఆట!

పెట్టేస్తున్నా దుర్గా. ఈసారి రాయి నన్నే తిరగెయ్యమంటున్నాడు… యాక్.