తడవని తాయెత్తు

కుస్తీలో భర్త కుడి భుజం జారినప్పటి నుంచి ఆ ఇంట్లో మగ్గం ఆగిపోయింది. పొద్దున్నే మెట్లబావి నుంచి వచ్చిన అతనికి ఆమె తువాలు అందించింది.

“మెడలోతు నీళ్లల్ల నిలబడ్డవా?”

“నిలబడ్డ. డాక్టరు చెప్పినట్టే చెయ్యి మెల్లగ ఊపిన. చిన్న చిప్పల పెద్ద గుండు పెట్టినట్టు ఉంటదట భుజం. నీళ్లల్లయితే చెయ్యి బరువు దాని మీద పడదట.”

“మరి దండచేతికున్న తాయెత్తు తడవలేదేంది?”

“తీసి పెట్టిన.”

“ముడి నేనేసిన. గట్లనే ఉన్నది. కుస్తీ తాలీముకు పోతున్నవు గదా? మల్ల కుస్తీ పడితే గా చెయ్యి దేనికీ పనికిరాదు. మగ్గం మీద ఎవరు కూసుంటరు?”

“నీ మీద ఒట్టు, తాలీము దిక్కు పోలే. బావికే పోతున్న.”

“బావిల దిగినోని తాయెత్తు తడవదా?”

“మోకాళ్లదాంకనే దిగుతున్న. కింది మెట్టు కనబడదు. నాకు ఈత రాదే.”

“గింత పహిల్వానువు, నీళ్లకు భయమా?”

“నవ్వకు. ఎవ్వరికీ చెప్పకు.”

“నవ్వుతలేను. రేపు నేనొస్త. మా తల్లిగారి ఊరు కేతేపల్లిల మూసీ నది ఈదినదాన్ని. ఎడమ చెయ్యి నాకియ్యి, కుడి చెయ్యి నీళ్లకియ్యి.”