రెండో మిఠాయి

1962. విడవలూరు బడి వరండాలో, పిల్లల నిగ్రహాన్ని కొలవడానికి పట్నం నుంచి వచ్చిన పరీక్షకుడు ఒక తల్లిని పిలిచి, ఉత్సాహంగా కాగితం చూపించాడు.

"ఇప్పుడే అయితే ఒక మిఠాయి, గంట ఆగితే రెండు అన్నానమ్మా. పిల్లలంతా అప్పుడే తినేశారు. మీ ముంతాజ్ ఒక్కతే ముట్టలేదు! రెండు కావాలని ఎంత ఆశో!"

"ఆశ కాదు సారూ. రంజాన్ గదా, తొలిసారి ఒక్కపొద్దు ఉండాది. పొద్దుగుంకేదాకా మంచినీళ్ళు కూడా తాగదు నా బిడ్డ. మీరు పది పెట్టినా అంతే."

ఆ గొంతులోని గర్వం విని, అతను కాగితం మీద రాసుకున్నది కొట్టేశాడు.

"మరి నేనిచ్చిన రెండూ?"

"కాగితంలో చుట్టి దాచింది. రెండోది మీకంట సారూ. పొద్దుగుంకేదాకా ఆగగలరేమో అడిగి రమ్మనింది."