లచ్చుడి సీనా పెళ్ళాం

ముక్కు మీద ఆ జేబురుమాలు తియ్యి బావా. ముందు అది తియ్యి, తరవాత ఏటడగాలో అడుగు. భావనపాడులో పుట్టినోడివి, కోటబొమ్మాళి సంతలో సేపల గంప పక్కన కూకుని ముక్కు మూసుకుంటే నలుగురూ నవ్వుతారు. అదిగో, ఆ మిరపకాయల ముసలాయన అప్పుడే నవ్వుతన్నాడు.

అక్కడ తడిగా ఉన్నాది, ఇలగ గోనె మీదకి జరుగు. నీ తెల్ల పేంటు పాడైతే అదీ మా మీదే పెడతావు.

మా అమ్మా? నిన్ను స్టేషను రోడ్డు మీద సూసిందో నేదో, సగం సరుకు నా ముందర దించేసి, మిగతా సగం తలకెత్తుకుని అవతల వీధిలోకి ఎల్లిపోనాది. సొంత మేనల్లుడు సముద్రం దాటొస్తే తవిటమ్మ మొకం తిప్పుకుని పోనాదంటే, ఎంత మంట ఉండాల? "ఆడి మొకం నాకు సూపించకే నీలవేణీ" అన్నాది. నీ మొకంతో నాకూ పనేటి నేదు. ఎండలో నిలబెట్టడం ఎందుకని కూకోమన్నాను, అంతే.

ఏటీ, ఆ పుకారు ఎవరు పుట్టించారంటావా? నీకు సింగపూరులో సీనాదేశపు పెళ్ళాం ఉన్నాదనీ, ఇద్దరు పిల్లలనీ? ఆ ఒక్క మాట అడగడానికి ఓడెక్కినావా? ఆ ఇద్దరు పిల్లల సంగతి నాకు తెలీదు సుమా. అది ఊరోళ్ళు కలిపినారు.

సెప్తాను. కానీ మన పెళ్ళికని మేం సింగపూరొస్తే నువ్వు మాకు ఊరు సూపించినావు సూడు, అదే వరసలో సెప్తాను. మధ్యలో లెగిసిపోకూడదు.

మొదటి రోజు మేడలు సూపించినావు. ఓడ దిగినా కాళ్ళ కింద నేల ఇంకా ఊగతన్నాది మాకు. నువ్వేమో "ఇది పన్నెండు అంతస్తులు, అది పద్నాలుగు" అని లెక్క సెప్తన్నావు, నువ్వే తాపీ పని సేసి కట్టినట్టు. తలెత్తితే మేడ, తల దించితే కారు. ఒక్క రోడ్డు దాటడానికి పూట పట్టినాది. అయినా ఏం మనుషులు బావా ఆళ్ళు? ఎవరూ ఎవర్నీ సూడరు. మా అమ్మ ఎదురొచ్చిన ప్రతి ఆడమనిషినీ సూసి, బాగున్నావా తల్లీ అన్నట్టు నవ్వినాది. ఒక్కర్తి తిరిగి నవ్వనేదు. సాయంత్రానికి మా అమ్మ నవ్వు అలిసిపోనాది.

మీ నాన్న, కూర్మయ్య మావ కాపురం నాలుగో అంతస్తులో. ఇల్లనకూడదు దాన్ని, పావురాల గూడు. కిటికీలోంచి బొంగులు బయటకి పెట్టి బట్టలారేస్తారు, ఎవరి లుంగీ ఎవరి నెత్తిన కారతాదో తెలీదు. "పెళ్ళయ్యాక మీరుండేది ఇక్కడే" అని మీ నాన్న మురిసిపోనాడు. ఇక్కడి నుంచి సముద్రం కనబడతాదా అని నిన్నడిగినాను. "ఆ మేడ లేకపోతే కనబడును" అన్నావు. సుట్టూ సముద్రమే ఉన్న ఊళ్ళో సముద్రం కనబడదు.

అయినా నోరెత్తినానా? నేదు. ఎందుకంటే ఎనిమిదేళ్ళ బట్టీ నువ్వే మొగుడివి అనుకున్నాను. మూలపేట అప్పలసూరి అడిగినాడు. సొంత పడవ, సొంత వల ఉన్నోడు. కాదన్నాను. నవ్వకు. ఇందులో నవ్వేదేటి నేదు.

రెండో రోజు సేపల మేడ. అద్దాల పెట్టెల్లో నీళ్ళు, నీళ్ళల్లో సేపలు, ఎదురుగా టిక్కెట్టు కొని నిలబడ్డ జనం. తినరట, సూస్తారట. సేపలోళ్ళని తీసుకెళ్ళి సేపల్ని సూపించిన మొనగాడివి ఈ లోకంలో నువ్వొక్కడివే బావా. మా అమ్మ ఒక అద్దం ముందర ఆగిపోనాది. "ఈ పండుగొప్పకి పొట్ట ఉబ్బినాదిరా, రేపటికి తేలిపోతాది. ఇప్పుడే తీసి సింతపండు పులుసు పెట్టుకోమని సెప్పు" అన్నాది.

నువ్వు అటూ ఇటూ సూసి, "మెల్లిగా మాట్లాడత్తా" అన్నావు.

మన మాట తెలిసినోడు అక్కడ ఒక్కడు లేడు. మెల్లిగా ఎందుకు మాట్లాడాల? ముల్లు తగిలినట్టయినాది నాకు. సర్లే, కొత్త దేశం, మొన్నేగా సొంతంగా జెండా ఎగరేసుకున్నారు, ఆళ్ళ పద్ధతులు ఆళ్ళవి అని సద్దుకున్నాను.

మూడో రోజు సేపల బజారు. అది నువ్వు సూపిస్తానన్నది కాదు, మేం అడిగితే ఏడుపుమొకం పెట్టుకుని తీసుకెళ్ళినావు. అబద్దమెందుకు, అంత పెద్ద ఊళ్ళో నాకు నచ్చిన సోటు అదొక్కటే. కాళ్ళ కింద నీళ్ళు, పొలుసులు, గొంతు సించుకుని అరుపులు. మా అమ్మకి ప్రాణం లేసొచ్చినాది. సీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ముందర నడిసినాది.

నీకేమో అక్కడ మీ ఆఫీసు పెద్దగుమస్తా గణపతిరావు కనబడ్డాడు. విజయనగరం మనిషి, టై కట్టుకున్నాడు. నువ్వు ఆయనతో నవ్వుతా ఆగిపోనావు. మాకూ నీకూ పదడుగుల దూరం.

మన రేవులో పద్ధతి నీకు తెలీదనకు. వలేసేవోడు మగోడు, ధర సెప్పేది ఆడది. పెద్దావిడ ఎవర్తైనా మొప్ప ఎత్తి సూసి, ఇది పాడైనాదని ఇసకలోకి ఇసిరేస్తే అమ్మే మనిషి నోరెత్తదు. నలుగురి కడుపులు కాపాడినాదని దణ్ణం పెడతాది. మా అమ్మ ఇసిరిన సేపకి ఇన్నేళ్ళలో ఎదురు సెప్పినోళ్ళు లేరు.

ఆ సీనావోడి బల్ల మీద వంజరం ఉన్నాది. మా అమ్మ మొప్ప ఎత్తినాది, వాసన సూసినాది, నేలకేసి ఇసిరినాది. ఆడికి మేలే సేసినాననుకున్నాది పాపం.

ఆడు బల్ల దాటొచ్చి మా అమ్మ సెయ్యి పట్టుకున్నాడు. జనం మూగినారు. ఆడి మాట మాకు తెలీదు, మా మాట ఆడికి తెలీదు. అప్పుడు కదా మా అమ్మ నిన్ను పిలిసినాది. "ఒరే లచ్చుడా, ఇలగ రారా, ఈడికి నువ్వు సెప్పరా" అని.

గణపతిరావు నిన్ను తెలుగులోనే అడిగినాడు. "ఆవిడ పిలుస్తున్నది నిన్నేనా? మీవాళ్ళా?" అని.

నువ్వేటన్నావు బావా? సెప్పు. నేల సూపులు సూడకు.

"మావాళ్ళు కాదండి. కొత్తగా దిగిన కూలీలు అయ్యుంటారు" అన్నావు. మన యాస కూడా తీసేసి, ఆయన మాటలాగే తీర్చుకుని మరీ అన్నావు. అనేసి, ఆయన పక్కనే నడుసుకుంటూ ఎల్లిపోనావు.

నిన్ను లాక్కొద్దామని నీ ఎనక దాకా వచ్చిన నాకు ఇనబడిందని నీకు తెలీదు. ఇదిగో, ఇప్పుడు తెలిసినాది.

నానే ఆ సేపని ఏరి, కుళాయి కింద కడిగి, ఆడి బల్ల మీద పెట్టి దణ్ణం పెట్టినాను. అప్పుడు వదిలినాడు. మా అమ్మ మణికట్టు మీద ఆడి వేళ్ళు అచ్చు పడిపోనాయి.

ఏటీ? ఉద్యోగం కాయమయ్యే రోజులా? ఆయన సంతకం మీద ఉన్నాదా? అయితే సంతకం పెట్టినాడా మరి? పెట్టినాడు కదా. సంతోషం.

ఆ సాయంత్రం మా అమ్మ ఏటన్నాదో తెలుసా? "అంత గోలలో ఆడికి ఇనబడనేదే పాపం" అన్నాది. నువ్వు రాగానే ముల్లు తీసి సేప ముక్క నీ పళ్ళెంలో పెట్టినాది. మీ అమ్మ పోయిన కాడినుంచీ, నీకు పదహారేళ్ళొచ్చి మీ నాన్న కాడికి ఎల్లేదాకా అలగే పెట్టినాది కదా, అలవాటు. నువ్వు తిన్నావు. ఎలగ తిన్నావు బావా?

మర్నాడు పొద్దున్న మీ నాన్న ముహూర్తం పెట్టించడానికి సెప్పులేసుకున్నాడు. ఇంక ఆగితే లాభం నేదు. మా అమ్మని కుళాయి కాడికి పిలిసి సెప్పినాను, నీకు సీనా పెళ్ళాం ఉన్నాదని. నా కళ్ళతో సూసినానన్నాను.

నానే పుట్టించినాను బావా. ఇంకెవరూ కాదు.

మరేటి సెప్పమంటావు? ఉన్న మాట సెప్పనా? నీ సేత్తో పెంచినోడు నిన్ను ఎరగనన్నాడే అమ్మా, కూలిదానివన్నాడే అని? అది ఇంటే ఆ కుళాయి కాడే సచ్చిపోవును మా అమ్మ. పెళ్ళాం మాటైతే ఏడిసినాది, మీ నాన్నని నోటికొచ్చినట్టు తిట్టినాది, తిరిగి ఓడెక్కినాది. కానీ బతికినాది.

ఇంకో సంగతి సూడు. ఇప్పటికీ నిన్ను తిట్టదు. ఆ సీనాదాన్ని తిడతాది. "అది మందెట్టి మావోణ్ణి మార్చేసినాది, నేకపోతే మా లచ్చుడు బంగారం" అంటాది ఊరంతటికీ. పుట్టని మనిషి ఉసురు పోసుకుంటన్నాది.

అదిగో, వీధి మలుపు తిరిగినాది. గంప ఖాళీ అయినట్టున్నాది, సేత్తో పట్టుకొస్తన్నాది. నీ పరువే నీకు ముఖ్యమైతే సెప్పుకో, నాకు ఏ పెళ్ళామూ నేదు అత్తా అని. నాను అడ్డురాను. నీలవేణి అబద్దమాడినాదనీ సెప్పు. అప్పుడు మా అమ్మ ఒక్కటే అడుగుతాది, అదెందుకు అబద్దమాడినాదిరా అని. దానికి జవాబు నువ్వే సెప్పాల. నాను సెప్పను.

ఏటి, నాకు సిగ్గు నేదా అంటావా? నేదు. ఆడిన అబద్దానికి సిగ్గుపడతాననుకున్నాను, పడనేదు. వచ్చేప్పుడు ఓడ మీద ఆరు రోజులూ ఒకటే అనుకున్నాను బావా. నీకు నిజంగానే ఓ సీనా పెళ్ళాం ఉండుంటే ఎంత బాగున్ను అని.