పుల్లయ్య సారు పుస్తకంలో హేమలత పేరు

నంద్యాలలో హేమలత ఇంటి వరండా, 2003 ఎండాకాలం. అప్పుడే అచ్చయిన తన జీవితకథ పుస్తకాల సంచితో ఆళ్లగడ్డ బస్సు దిగి వచ్చిన రిటైర్డ్ హెడ్మాస్టర్ పుల్లయ్య, ఒకప్పటి శిష్యురాలి ఎదుట కుర్చీ అంచున కూర్చున్నాడు.

“యాడుంది సార్?”

“ఏందమ్మా?”

“నా పేరు.”

“ఉంటాది. యాడో ఒగచోట ఉంటాదిలే. సరిగ్గా చూడు.”

“అట్ట నుంచి అట్ట దాకా రెండుమార్లు తిప్పినా. మీ తాత పేరుంది, ప్రెస్సు పేరుంది, అట్టమీద బొమ్మేసిన పిల్లోని పేరుంది. ‘ఎడిటింగ్: హేమలత’ అని ఏస్తామంటిరే, అదే లేదు.”

“ప్రెస్సోళ్లు మర్చిపోయింటారు. వాళ్లకు పెండ్లిపత్రికలు తప్ప ఏం తెల్సు?”

“ఆ పేజీ నేనే పక్కన కూర్చోని టైపు చేయించినా సార్. నేను చూసిన అన్ని ప్రూఫుల్లోనూ ఉండె.”

“అయితే చోటు చాలక తీసేసింటారు.”

“సగం పేజీ తెల్లగా ఉండాది. ఇదో, చూడండి.”

“కండ్లద్దాలు ఇంట్లో మర్చిపోతి.”

“జేబులో ఉండాయి సార్.”

“ఆ... అవునవును.”

“మర్చిపోయినారా, చోటు చాలలేదా? ఏదో ఒగటే చెప్పండి. పుస్తకంలోనూ మీరు ఇట్లనే చేస్తిరి. చాగలమర్రికి బదిలీ అయింది ఒకచోట మండే ఎండల్లో అంటిరి, ఇంకోచోట వానకు సామాన్లు తడిసినాయంటిరి. నేను అడగలేదా?”

“అడిగితివి. నీ కంటికి ఏదీ దాగదులే.”

“ఇదీ దాగదు సార్. చెప్పండి.”

“కొంచెం మంచినీళ్లియ్యి.”

“చెంబు మీ పక్కనే ఉండాది.”

“ఏందమ్మా, ఒక పేరు కోసం ఇంత...”

“ఒక పేరే సార్. విజయవాడ పబ్లిషర్ ఏమన్యాడో మీకు చెప్తి కదా? ‘మీ పేరు అచ్చయిన పుస్తకం ఒగటి చూపించండి, వరసగా ఎడిటింగుకు పుస్తకాలిస్తాం, అప్పుడప్పుడు ఈడికొచ్చి రచయితలతో కూర్చుంటే చాలు’ అని. ఏం చూపించల్ల? రైస్ మిల్లాయన వాళ్ల నాయన జీవితచరిత్ర రాయించుకున్యాడు, సగం నేనే రాస్తి, నా పేరు లేదు. బండి ఆత్మకూరు డాక్టర్ గారి కథలు తిరగరాస్తి, ఆయన సభలో శాలువా కప్పించుకున్యాడు, నన్ను ఆఖరి వరసలో కూర్చోబెట్టినారు. ఈ ఊర్లో నేనంటే ఎవరు సార్? తప్పులు దిద్దే ఆయమ్మ. అంతే కదా.”

“అట్లనొద్దు. నా పుస్తకం నిలబడిందే నీ వల్ల.”

“ఆ మాట పుస్తకంలో లేదు.”

“చెప్పల్లంటే చెప్తా విను. లోకం ఏమంటాది? పుల్లయ్య సారుకు రాయను చేతగాక శిష్యురాలితో రాయించుకున్యాడు అంటాది. అందుకే...”

“అందుకే?”

“అందుకే తీయించినా అనుకో.”

“అనుకో ఏంది సార్? తీయించినారా, లేదా?”

“ఎండ ఈ పక్కకొచ్చినాది. కుర్చీ జరుపుకుంటా ఉండు.”

“మీ అమ్మ పోయిన దినం గురించి మీరేం రాసిచ్చినారో గుర్తుందా? ‘మాతృవియోగం సంభవించినది.’ ఒగటే వాక్యం. నేను మీ ఎదురుగా కూర్చోని, ఆ పొద్దు ఏం జరిగింది సార్ అని అడిగితి. మీరు చెప్పకపోతిరి. మళ్లా వస్తి, మళ్లా అడిగితి. అప్పుడంటిరి, హాజరు పిలుస్తాంటే కబురొచ్చింది, పిల్లోళ్ల పేర్లన్నీ పిలిచేదాకా కుర్చీలోంచి లేయలేకపోయినా అని.”

“అది చదివే మా తమ్ముడు ఏడ్చింది. నాతో మాట్లాడక ఎన్నేండ్లాయనో, ఇంటికొచ్చి ఏడ్చి పోయినాడు.”

“ఆ మాట నేను రాయలే సార్, మీదే. మీ నోట్లోంచి తీసుకురావడం నా పని. అదీ పనే కదా?”

“పనే. పెద్ద పని.”

“‘నీ పేరు లేకుండా నా పుస్తకం బయటికి రాదు’ అని మీ ఇంట్లో అమ్మగారి ముందర మీరే అంటిరి.”

“అన్యా. ఇప్పుడూ అంటా.”

“మరి? సార్, మీరు నాకు చదువు చెప్పినోళ్లు. మీమీద కోపం తెచ్చుకోను కూడా నాకు చేతకాదు. ఒళ్లు మండుతాంది, ఎవరిమీద మండుతాందో తెలీడం లేదు. సరే, ప్రెస్సుకు పోతా. టైపు చేసే మల్లీశ్వరిని అడిగితే ఎవరు తీయమన్యారో చెప్తాది.”

“పోవద్దు.”

“ఎందుకు?”

“పోవద్దమ్మా. నన్ను తిట్టు. నాలుగు మాటలు తిట్టేసి ఊరుకో.”

“తిడితే పేరొస్తాదా? ఆదివారం కదా పుస్తకావిష్కరణ సభ. చిన్న చీటీ అచ్చేయించి ఆ పేజీలో అంటిద్దాం. మా ఆయన స్కూటర్ మీద తెచ్చిస్తాడు. ప్రూఫులు ఆళ్లగడ్డకు మోసిందీ, ప్రెస్సులో ఇచ్చిందీ కిరణే కదా. ఈ వీధిలో నా పనిని పని అనే మనిషి ఆయనొక్కడే.”

“చీటీలు కిరణ్‌తో పంపొద్దు.”

“ఏం?”

“నేనే బస్సులో వచ్చి తీసుకపోతా.”

“ఈ ఎండలోనా? ఎందుకు సార్? ఆయన మిమ్మల్నేమన్నా అన్యాడా?”

“లేదు లేదు. ఆ పిల్లోడు మంచోడు. నువ్వంటే ప్రాణం.”

“అది నేనడగలే.”

“ఈ మాట నన్నడగొద్దు హేమా. కాపురం చేసుకుంటాండే పిల్లవి.”

“నా కాపురానికీ మీ పుస్తకానికీ ఏంది సార్? నా దిక్కు చూసి చెప్పండి.”

“ఆఖరి ప్రూఫులో కూడా నీ పేరు చూసుకోనే నేను సంతకం పెట్టి ఇస్తినమ్మా. దాన్ని ప్రెస్సుకు తీసుకపోయింది కిరణ్. దోవలో ఆపి నీ పేరు కొట్టేసినాడు. నాకు తెలిసేసరికి అచ్చయిపోయినాది. పిలిచి నిలదీస్తే మా ఇంటి అరుగుమీద కూలబడి ఒగటే ఏడుపు. ‘ఆ పేరొగటి పడితే ఆమె విజయవాడ దోవ పడ్తాది, ఇంగ నాకాడ ఉండదు సార్’ అంటాడు.”