గంగవ్వ కాకికి పెట్టిన శాపకూర

ఏందీ, మ్యూజియంల అద్దాల పెట్టెల పండుకున్న బొక్కల మనిషిని సూసొచ్చినవా? మోకాళ్లు కడుపుల వెట్టుకొని, సలివెట్టినోని లెక్క ముడుసుకున్నడా? గాయిననే! గాయిన్ను తవ్వింది ఈ తాతనే వినోదా, నేనూ మా అక్క గంగవ్వ. నవ్వకు, ఒట్టు.

నువ్వింక పుట్టలే. బట్టలు నేసే లూములు బందువడ్డయి, మన గోడాదర వాడల పొయ్యిలెలుగుతలెవ్వు. కడోదరా ఊరవతల వాగొడ్డుకు తవ్వకం పనుందంటె పోయినం. తవ్వుడంటె పారనుకున్నవా? బ్రష్షే! నా నడుము ఇరిగింది పో. ఆఁ, ఏం జెప్తున్న? గా మనిషి ఎల్లిండు. తవ్వకం జేపిచ్చే సాబు జెప్పిండు, వేల ఏండ్ల కిందోడట, ఎవుసం దెల్వదట, ఏటాడుకుంట తిరిగేదట. పక్కనున్న పాతకాలం పొయ్యికాడి శాపముండ్లు సూపిచ్చి, "శాపలు తినేటోడు" అన్నడు. అక్క కండ్లల్ల నీళ్లు దీసుకున్నది. ఎందుకంటవా? మా బావ, అక్క పెనిమిటి బక్కయ్య, బొంబాయి మిల్లుకని పోయి మళ్ల రాలే. సచ్చిండో ఉన్నడో ఎరుకలే. మనోళ్లు మూడొద్దులకు సచ్చినోళ్లకు ఇష్టమైంది వండి కాకికి వెడ్తరు గదా, బావకు గదీ లేదు. "ఆకలితోని తిరుగుతుండొచ్చురా తమ్మీ" అని కుములుతుండె.

తెల్లారి శాపకూర వండుకొచ్చి, గా బొక్కల మనిషి పేరు మీద గుంత ఒడ్డుకు ఆకేసి వెట్టింది. సాబు ఉరికొచ్చిండు. "అరే మౌసీ, యే క్యా కియా! గీ ముండ్లు గా పాత ముండ్లల్ల కలిస్తె నా పనంత ఖరాబ్! తియ్యి, లేకుంటె పని బంద్!" అక్క లేస్తదా? "కాకి ముట్టినంక తీస్త సాబ్. పని పోతె పోనియ్." గా కూలి మీదనే ఇల్లు నడుస్తుండె. పొద్దు నెత్తి మీదికొచ్చింది, కాకి జాడ లేదు. అప్పుడు అక్క మెల్లగ అన్నది, "ఓ బక్కయ్యా, నీకు గూడ ఇదే అనుకో. రా." వచ్చిందే బిడ్డా! ముక్క ఎత్కపోయింది. అక్క గుంతకాడ కూలవడి ఏడ్సింది. పాపం, సాబే ఆకు తీసి, ముండ్లన్ని ఏరిండు. పనిల గూడ ఉంచిండు.

గా అక్క మనింట్లనే పాణమిడిసింది, నువ్వు శిన్నగుంటివి, నీకు యాదికుండది. మూడొద్దులకు మిద్దె మీద కాకికి ఇస్తరేసినం. ఏం వెట్టాలె? మీ నాయినమ్మనడిగిన, మీ బాపునడిగిన. అక్కకేం ఇష్టమో ఒక్కలకు ఎరుకలే. అందరు తిన్నంక గిన్నెల మిగిలింది తినేది. నాతోని పుట్టిన మనిషే, నాకు గూడ...

గా ఫ్యాను జర పెంచు బిడ్డా, ఉక్కవోస్తుంది.