హన్షితకు ఇష్టమైనవి

ఆటిజం ఉన్న హన్షితకు థెరపీ మొదలుపెట్టడానికి మేడమ్ పదింటికి మడికొండలోని వాళ్లింటికి వస్తోంది. ఆమె ముందే నింపి ఉంచమన్న కాగితం ముందేసుకుని కోడలు కూర్చుంది. అత్త ఇల్లు ఊడ్చి వచ్చి పక్కన చేరింది.

“ఇంకా రాస్తనే ఉన్నవా బిడ్డా?”

“పాపకు రానివన్నీ రాసిన అత్తమ్మా. మాట రాదు, పిలిస్తే చూడదు. ‘పాపకు ఏమిష్టం’ అన్నకాడ ఆగిపోయిన. కన్నతల్లిని, తెల్వదని ఎట్ల రాయాలె?”

“నేను చెప్తె రాస్తవా?”

“చెప్పుండ్రి.”

“నేను బియ్యం చెరుగుతాంటె ఎనుకనుంచి వచ్చి నా ఈపుకు చెవి ఆనిస్తది. ఆపితె మళ్ల చెరుగుమని భుజం గుంజుతది.”

“నాకెన్నడు చెప్పలే.”

“నువ్వు పొద్దుగాలనే డ్యూటీకి పోతవు. ఇదొక ముచ్చటనా అనుకున్న.”

కోడలు ఆ మాటను ఉన్నదున్నట్టు రాసింది.

“మేడమ్ వచ్చినంక మీరు హాల్ల కూసోని చెరుగుండ్రి.”

“ఆమె ముంగట చాట పట్టుకోనా? నవ్వదా?”

“నవ్వితే నవ్వనీయుండ్రి. అయినా పదింటికి ఇంకా గంటుంది.”

“అయితేంది?”

“అందాక నాకు చెరుగుడు నేర్పుండ్రి అత్తమ్మా. నా ఈపుకు గూడ ఆనుకుంటదేమో చూస్త.”